చిన్న ట్రావెల్ ట్రైలర్‌కి వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్: ముందు తూకం, ఆ తర్వాతే బ్రాండ్

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మిడ్‌సైజ్ పికప్ ఉంది, కొత్తగా 20 అడుగుల సింగిల్ యాక్సిల్ ట్రావెల్ ట్రైలర్ తీసుకున్నారు. ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్, అంటే సామానుతో కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు, 4,500 పౌండ్లు. బ్రోషర్‌లో టంగ్ వెయిట్, అంటే ట్రైలర్ ముక్కు పికప్ హిచ్ మీద మోపే బరువు, 390 పౌండ్లు అని ఉంది. షాపులో 1,000/10,000 రేటింగ్ ఉన్న, అంటే 1,000 పౌండ్ల టంగ్ వెయిట్, 10,000 పౌండ్ల ట్రైలర్ దాకా పనికొచ్చే, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (టంగ్ వెయిట్‌ని యాక్సిళ్ల మధ్య పంచే తగిలింపు) చూపించి, పెద్దది తీసుకుంటే రేపు ఇంకో ట్రైలర్‌కి కూడా పనికొస్తుందని చెప్పారు. తీసుకోవచ్చా, లేకపోతే ఏది తీసుకోవాలి?

వద్దండి. మీ బరువులకి 600/6,000 తరగతి సరిపోతుంది. 1,000/10,000 హిచ్‌లోని గట్టి స్ప్రింగ్ బార్లు ఆ చిన్న ట్రైలర్‌కి మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తాయి. అయితే నేను చెప్పిన 600 అంకెని కూడా అలాగే నమ్మి కొనేయకండి. ఆ అంకె బ్రోషర్‌లోంచి కాదు, మీ సామాను సర్దిన ట్రైలర్ తూకంలోంచి రావాలి. ఈ హిచ్‌ల గురించి జరిగే వాదనంతా బ్రాండ్ల చుట్టూనే తిరుగుతుంది గానీ, అది చివర తేల్చుకోవలసిన సంగతి. మొదట తూకం, తర్వాత పికప్ మాన్యువల్, ఆ తర్వాత ట్రైలర్ ముందు భాగంలో ఉన్న జాగా. ఈ మూడూ తేలేసరికి మీ ముందు రెండో మూడో హిచ్‌లే మిగులుతాయి.

అసలీ హిచ్ ఏం చేస్తుందో అంకెల్లో చూస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. లెక్క సులువుగా ఉండటానికి మీ పికప్ వీల్‌బేస్, అంటే ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం, 120 అంగుళాలు, వెనక యాక్సిల్ నుంచి ట్రైలర్ తగిలించే బాల్ దాకా 48 అంగుళాలు అనుకుందాం. మామూలు బాల్ మౌంట్ మీద 500 పౌండ్ల టంగ్ వెయిట్ పెడితే వెనక యాక్సిల్ ఆధారంగా బండి తోక కుంగుతుంది, ముక్కు లేస్తుంది. ముందు యాక్సిల్ మీద తగ్గే బరువు 500ని 48తో గుణించి 120తో భాగిస్తే వచ్చేది, అంటే 200 పౌండ్లు. వెనక యాక్సిల్ మీద పెరిగేది 500 కాదు, 700. బండిని తిప్పేది, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేసేది ముందు చక్రాలే. సరిగ్గా వాటి మీదే 200 పౌండ్ల పట్టు పోయిందన్నమాట. స్టీరింగ్ తేలికైపోవడం, ఎదురొచ్చే వాహనాల కళ్లలోకి హెడ్‌లైట్లు కొట్టడం, పక్కనుంచి పెద్ద లారీ దాటితే బండి ఊగడం ఇక్కడినుంచే మొదలవుతాయి.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌లో బాల్ దగ్గర ఒక బరువైన హెడ్ ఉంటుంది. దానినుంచి రెండు స్ప్రింగ్ బార్లు వెనక్కి, ట్రైలర్ ఎ-ఫ్రేమ్ (ముందుండే త్రికోణపు చట్రం) కిందికి వెళ్తాయి. వాటి వెనక కొసల్ని పైకి లాగి ఫ్రేమ్‌కి కట్టేసరికి హెడ్ మీద తిప్పే బలం పుడుతుంది. ఆ బలం పికప్ తోకని లేపి ముక్కుని కిందికి నొక్కుతుంది. అదే సమయంలో కొంత బరువు ట్రైలర్ చక్రాల మీదికి కూడా పోతుంది. బాల్ నుంచి ట్రైలర్ యాక్సిల్ దాకా 180 అంగుళాలు అనుకుంటే, పోయిన 200లో సగం అంటే 100 పౌండ్లు ముందు యాక్సిల్‌కి తిరిగొచ్చేలా బార్లు బిగించినప్పుడు ట్రైలర్ యాక్సిల్ మీద పెరిగేది సుమారు 53 పౌండ్లు. వెనక యాక్సిల్ మీద అదనపు బరువు 700 నుంచి 547కి దిగుతుంది. మొత్తం 200 తిరిగి వచ్చేలా బిగిస్తే ట్రైలర్‌కి 105 పోతుంది, వెనక యాక్సిల్ మీద 395 మిగులుతుంది.

ఈ లెక్కలో గమనించాల్సింది ఒకటుంది. హిచ్ ఎంత మంచిదైనా టంగ్ వెయిట్ మాయమైపోదు. 500లో 400 నుంచి 450 దాకా మీ పికప్ మీదే ఉంటుంది. "ఈ హిచ్ వేస్తే పేలోడ్ సమస్య తీరిపోతుంది" అని ఎవరైనా చెబితే నమ్మకండి. (పేలోడ్ అంటే పికప్ తన మీద మోయగల గరిష్ఠ బరువు.) ముందు యాక్సిల్‌కి దాని బరువు దానికి తిరిగివ్వడమే ఈ హిచ్ అసలు పని. బండి లాగే సామర్థ్యం, యాక్సిల్ రేటింగ్, పేలోడ్ ఇవేవీ దీనివల్ల ఒక్క పౌండు కూడా పెరగవు.

ఇప్పుడు ఆ 390 సంగతి. బ్రోషర్‌లో ఉండేది ఖాళీ ట్రైలర్ అంకె. చాలామంది తయారీదార్లు అందులో బ్యాటరీని, గ్యాస్‌ని, నీళ్లని కలపరు. 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 37 పౌండ్లు తూగుతుంది, రెండుంటే దాదాపు 75. గ్రూప్ 24 లెడ్ యాసిడ్ బ్యాటరీ ఇంకో 45 నుంచి 50. ఇవన్నీ ఎ-ఫ్రేమ్ మీదే కూర్చుంటాయి కాబట్టి వాటి బరువులో ఎక్కువ భాగం నేరుగా బాల్ మీదికే వస్తుంది. ముందు అరలో గొలుసులు, లెవెలింగ్ దిమ్మలు, గొట్టాలు పెడతారు. చూస్తుండగానే 390 కాస్తా 500 అవుతుంది. సామాను నింపిన ట్రైలర్ బరువులో టంగ్ వెయిట్ 10 నుంచి 15 శాతం ఉండాలన్నది స్థిరపడిన నియమం. మీ ట్రైలర్ 4,200 పౌండ్లు తూగితే 420 నుంచి 630 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. ఊహించే బదులు తూచండి.

తూచడానికి తేలికైన సాధనం షెర్లైన్ లాంటి టంగ్ వెయిట్ స్కేలు. అది లేకపోతే ఇంట్లో మనుషులు బరువు చూసుకునే స్కేలు, గట్టి చెక్క దూలం చాలు. దూలం ఒక కొస ఇటుక మీద ఉన్న పైపు మీద, రెండో కొస స్కేలు మీద ఉన్న పైపు మీద ఉండాలి. రెండు పైపుల మధ్య దూరం 3 అడుగులు. ట్రైలర్ జాక్ కాలుని ఇటుక వైపు పైపు నుంచి 1 అడుగు దూరంలో దూలం మీద దింపండి. స్కేలు చూపిన అంకెలోంచి దూలం ఒక్కటే ఉన్నప్పుడు చూపినది తీసేసి, 3తో గుణించండి. ట్రైలర్ చక్రాలకి రెండు వైపులా అడ్డుదిమ్మలు పెట్టాలి, ట్రైలర్ సమతలంగా ఉండాలి. ఒక్క సవరణ మాత్రం చాలామంది మర్చిపోతారు. జాక్ బాల్‌కి కొన్ని అంగుళాలు వెనక ఉంటుంది, అందుకే అక్కడ తూచినది నిజమైన టంగ్ వెయిట్ కన్నా ఎక్కువ వస్తుంది. జాక్ బాల్‌కి 20 అంగుళాల వెనక ఉండి, బాల్ నుంచి యాక్సిల్‌కి 180 అయితే, వచ్చిన అంకెని 160తో గుణించి 180తో భాగించండి. జాక్ దగ్గర 560 వస్తే బాల్ దగ్గర ఉన్నది సుమారు 498.

తూకం చేతిలో ఉన్నాక పికప్ దగ్గరికి రండి. ముందు ఓనర్స్ మాన్యువల్‌లో ట్రైలర్ లాగడం గురించిన అధ్యాయం మొత్తం చదవండి. కొన్ని యూనిబాడీ (విడి చట్రం లేని) ఎస్‌యూవీలు, క్రాసోవర్ల మాన్యువల్స్ వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ వాడొద్దనే చెబుతాయి. ఆ తిప్పే బలాన్ని మోసేలా వాటి వెనక భాగాన్ని, రిసీవర్ (హిచ్ దూర్చే చదరపు గొట్టం) బిగింపుని తయారుచేయలేదని దాని అర్థం. మీ మాన్యువల్ వద్దంటే దానికి తిరుగులేదు. టంగ్ వెయిట్ తగ్గించుకోవడమో వేరే వాహనం చూసుకోవడమో చేయాలి తప్ప, "నెమ్మదిగా నడుపుతాం" అనే వాదన అక్కడ పనికిరాదు. మరికొన్ని పికప్‌ల మాన్యువల్స్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఫలానా బరువు దాటితే ఈ హిచ్ తప్పనిసరి అంటాయి. ముందు యాక్సిల్‌కి పోయిన బరువులో ఎంత భాగం తిరిగి తేవాలో కూడా అక్కడే రాసి ఉంటుంది. ఈ అంకె కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి పక్కవాళ్ల బండి లెక్క మీకు పనికిరాదు. వెనక ఎయిర్ సస్పెన్షన్ ఉంటే బార్లు బిగించేటప్పుడు దాన్ని ఆన్‌లో ఉంచాలా ఆఫ్ చేయాలా అన్నది కూడా మాన్యువల్ చెప్పినట్టే చేయండి.

తర్వాత రిసీవర్ కిందో పక్కనో ఉన్న స్టిక్కర్ చూడండి. అందులో మామూలుగా రెండు జతల అంకెలుంటాయి. మొదటిది మామూలు బాల్ మౌంట్‌తో మోయగలిగినది, రెండోది వెయిట్ డిస్ట్రిబ్యూషన్‌తో మోయగలిగినది. మొదటి జతలో టంగ్ వెయిట్ 350, రెండో జతలో 650 అని ఉంటే మీ 500కి ఈ హిచ్ ఐచ్ఛికం కాదు, తప్పనిసరి. రెండు జతల్లో ఒకే అంకె ఉన్నా, అసలు రెండో జతే లేకపోయినా మళ్లీ మాన్యువల్ దగ్గరికే వెళ్లాలి. రిసీవర్ రంధ్రం 1¼ అంగుళాలదైతే ఇక ఆలోచించక్కర్లేదు, ఈ తరగతి హిచ్‌లు దానికోసం తయారు కాలేదు. 2 అంగుళాలది కావాలి. 2½ అంగుళాల రిసీవర్‌కి స్లీవ్ అడాప్టర్ వేసి 2 అంగుళాల షాంక్ (హిచ్‌లో రిసీవర్‌లోకి దూరే భాగం) పెడితే ఆడుతూ ఉంటుంది, వీలైతే 2½ షాంకే కొనండి. రిసీవర్ ఎక్స్‌టెన్షన్ మాత్రం పెట్టకండి. బాల్ వెనక్కి జరిగిన కొద్దీ ముందు యాక్సిల్ మీద నష్టం పెరుగుతుంది, రిసీవర్ సామర్థ్యం పడిపోతుంది.

డ్రైవర్ తలుపు ఫ్రేమ్ మీద టైర్లు, లోడ్ సమాచారం ఉన్న స్టిక్కర్‌లో మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని ఒక అంకె ఉంటుంది. అదే పేలోడ్. నలుగురు మనుషులు 600, బెడ్‌లో సామాను 150, టంగ్ వెయిట్ 500, హిచ్ 80 కలిపితే 1,330. స్టిక్కర్‌లో 1,250 ఉంటే అప్పటికే దాటిపోయారు. బార్లు బిగించి 53 పౌండ్లు ట్రైలర్ యాక్సిల్‌కి పంపినా ఇంకా ఎక్కువే. చిన్న ట్రైలర్లు లాగే మిడ్‌సైజ్ బళ్లకి ముందు అడ్డొచ్చేది "లాగే సామర్థ్యం" కాదు, ఈ పేలోడే. హిచ్ బరువుని ఎవరూ లెక్కలో వేసుకోరు, అది కూడా మీ బండే మోయాలి.

ఇక బార్ల రేటింగ్. దీనికి లెక్క టంగ్ వెయిట్ ఒక్కటే కాదు, పికప్ వెనక యాక్సిల్‌కి వెనకాల పెట్టే సామాను కూడా కలపాలి. బాల్ మీది బరువు ఎటు వంచుతుందో అది కూడా బండిని అటే వంచుతుంది కాబట్టి. మీది 500, టెయిల్‌గేట్ పక్కన కూలర్, చిన్న జనరేటర్ కలిపి 60 అనుకుంటే 560. దానికి పైనున్న మొదటి మెట్టు 600. బ్రాండ్లలో ఈక్వలైజర్ 400, 600, 1,000, ఆపైన కూడా దొరుకుతుంది. బ్లూ ఆక్స్ స్వేప్రోలో 350, 550, 750, 1,000 మెట్లున్నాయి, అందులో మీకు 750. ఫాస్ట్‌వే ఈ2లో 600. తూకం 590 వచ్చి సామాను కూడా ఉంటే 600ని వదిలి 750 లేదా 800 మెట్టు చూడండి. బార్లు ఎప్పుడూ పూర్తి రేటింగ్ దగ్గర పనిచేయకూడదు. కానీ రేటింగ్ అవసరానికి దాదాపు రెట్టింపూ కాకూడదు.

ఎందుకు కాకూడదో చెప్పాలి, ఎందుకంటే "గట్టిది ఎప్పుడూ మంచిదే" అనే మాట కొనేవాళ్లకి నచ్చుతుంది. ఇవి స్ప్రింగులు. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడు, వంతెన మొదట్లో మెట్టు తగిలినప్పుడు, పికప్‌కీ ట్రైలర్‌కీ మధ్య కోణం మారుతుంది. ఆ మార్పుకి బార్లు వంగి సర్దుకోవాలి. 1,000 పౌండ్ల బారు మీ 500 దగ్గర చాలా కొద్దిగా వంగి అప్పటికే కావలసిన బలం ఇచ్చేస్తుంది. ఆ తర్వాత కోణం ఒక డిగ్రీ మారినా బలం ఒక్కసారిగా ఎగిరిపోతుంది. అది పోయి పడేది ట్రైలర్ ఎ-ఫ్రేమ్ మీద, బాల్ మీద కూర్చునే కప్లర్ మీద, మీ రిసీవర్ వెల్డుల మీద. చిన్న ట్రైలర్ల ఫ్రేములు పలచటి గొట్టాలతో చేసినవి, బ్రాకెట్ కూర్చున్న చోట అవి వంగుతాయి, వెల్డు పక్కన పగుళ్లు వస్తాయి. పల్లం దాటేటప్పుడు గట్టి బార్లు పికప్ వెనక చక్రాలని కాసేపు పైకి లేపినంత పని చేస్తాయి, తడి రోడ్డు మీద ఆ క్షణమే ప్రమాదం. మరీ మెత్తటి బార్లతో ఇంకో సమస్య: ఎంత బిగించినా ముందు యాక్సిల్‌కి రావలసినది రాదు, బార్లు శాశ్వతంగా వంగిపోతాయి.

కొనేముందు టేపు పట్టుకుని ట్రైలర్ ముందుకు వెళ్లండి. చిన్న ట్రైలర్లకి హిచ్ కుదరకపోవడానికి అసలు కారణాలు ఇక్కడే ఉంటాయి. టంగ్ ఒకే గొట్టంతో ఉంటే, టియర్‌డ్రాప్ ట్రైలర్లలో ఇది ఎక్కువ, రెండు బార్ల హిచ్‌లకి బ్రాకెట్లు పెట్టే చోటే ఉండదు. ఎ-ఫ్రేమ్ ఉంటే కప్లర్ నుంచి వెనక్కి 24 నుంచి 32 అంగుళాల మధ్య ఏముందో చూడండి. ప్రొపేన్ సిలిండర్ల ట్రే, బ్యాటరీ పెట్టె, సామాను పెట్టె, జాక్ వీటిలో ఏదో ఒకటి బ్రాకెట్ కూర్చోవలసిన చోటే ఉంటుంది. గొట్టం ఎత్తు, వెడల్పు కొలిచి, హిచ్ తయారీదారు ఇచ్చిన పరిమితుల్లో ఉందో లేదో సరిచూసుకోండి. ఫ్రేమ్ లోపలి వైపు గ్యాస్ పైపో బ్రేకు వైరో పోతుంటే బ్రాకెట్ కింద నలిగిపోతుంది. దాన్ని ముందే పక్కకు మళ్లించి క్లిప్పు వేయాలి. బ్రాకెట్ సెట్ స్క్రూలని చెప్పిన టార్క్ కన్నా ఎక్కువ బిగిస్తే పలచటి గొట్టం లోపలికి సొట్టపోతుంది. ఫ్రేమ్‌కి రంధ్రాలు పెట్టడం, వెల్డింగ్ చేయడం ట్రైలర్ తయారీదారు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప వద్దు. ట్రైలర్‌కి సర్జ్ బ్రేకులు, అంటే ట్రైలర్ ముందుకు నెట్టే ఒత్తిడితో పనిచేసేవి, ఉంటే కప్లర్ ముందుకూ వెనక్కూ జరగాలి, అన్ని హిచ్‌లూ దాన్ని జరగనివ్వవు. హిచ్ తయారీదారు సరేనన్న మోడలే తీసుకోండి. మామూలు ఎలక్ట్రిక్ బ్రేకులైతే ఈ బెడద లేదు.

ఇప్పుడు రకాలు. అన్నిటికన్నా చవకైనది గుండ్రటి బార్లు, గొలుసులు ఉన్నది. బరువు బాగానే పంచుతుంది గానీ ఊగుడు, అంటే ట్రైలర్ పక్కలకి కొట్టుకోవడం, ఆపదు. దానికి విడిగా ఒక ఫ్రిక్షన్ బార్ కలుపుతారు. అది బాల్‌కి 24 అంగుళాల వెనక ఎ-ఫ్రేమ్ మీద పెట్టిన చిన్న బాల్‌కి తగులుకుంటుంది. మీ సైజుకి ఒక్కటి చాలు. ఇబ్బంది ఏమిటంటే రివర్స్‌లో గట్టిగా తిప్పే ముందు దాన్ని తీసేయాలి, లేకపోతే వంగిపోతుంది. వర్షంలో, మంచులో, కంకర రోడ్డు మీద దాని బిగింపు వదులు చేయాలని తయారీదార్లే చెబుతారు. ఈ రెండిట్లో ఏది మర్చిపోయినా నష్టమే, అందుకే కుటుంబంతో సెలవులకి వెళ్లేవాళ్లకి నేను దీన్ని సిఫార్సు చేయను.

బార్లే రాపిడి పుట్టించే రకం మీకు సరైనది. ఈక్వలైజర్, ఫాస్ట్‌వే ఈ2 రెండిట్లోనూ బార్లు గొలుసులకి వేలాడకుండా ఎ-ఫ్రేమ్ మీది బ్రాకెట్ల మీద కూర్చుంటాయి. మలుపులో అక్కడ రాపిడి పుడుతుంది, అదే ఊగుడుని అణుస్తుంది. రివర్స్‌కి తీయక్కర్లేదు. ఈక్వలైజర్ హెడ్ సాకెట్లలో కూడా రాపిడి ఉంటుంది కాబట్టి పట్టు ఎక్కువ. రెండూ మలుపుల్లో మూలుగుతాయి, గట్టిగానే. బ్రాకెట్ మీద గ్రీజు రాస్తే చప్పుడు పోతుంది, కానీ ఊగుడు ఆపే శక్తి కూడా దానితోనే పోతుంది. గ్రీజు ఎక్కడ రాయాలో మాన్యువల్ చెప్పిన చోటే రాయండి. బ్లూ ఆక్స్ స్వేప్రోలో స్ప్రింగ్ స్టీల్ బార్లు గొలుసులతో వేలాడతాయి, లాచ్ తిప్పి బిగించడం తేలిక. ఎ-ఫ్రేమ్ మీద జాగా తక్కువగా ఉన్నచోట ఇది కుదిరే అవకాశం ఉంది. ఆండర్సన్ నో-స్వే బార్లకి బదులు గొలుసులు, యురేథేన్ బుష్‌లు వాడుతుంది, సుమారు 60 పౌండ్లే, చప్పుడు ఉండదు. తేలికపాటి టంగ్ వెయిట్‌కి అది మంచి ఎంపిక. పెద్ద బరువుల దగ్గర ముందు యాక్సిల్‌కి తెచ్చేది తక్కువ, కాబట్టి మీ కొలతలు 500 దాటి పైకి పోతుంటే బార్లున్న రకానికే వెళ్లండి. హెన్స్‌లీ, ప్రోప్రైడ్ ఊగుడు విషయంలో అన్నిటికన్నా మేలైనవి, కానీ 150 పౌండ్లకు పైనే తూగుతాయి. మీ పేలోడ్‌లో అంత చోటు లేదు, ఈ సైజు ట్రైలర్‌కి అంత అవసరమూ లేదు.

ఇవి తెచ్చాక షాంక్, బాల్. చిన్న ట్రైలర్ల కప్లర్లు చాలావరకు 2 అంగుళాలవి, కొన్నిటికి 2⁵⁄₁₆. కప్లర్ మీద అచ్చు వేసి ఉంటుంది, చూసి కొనండి. 2⁵⁄₁₆ కప్లర్ 2 అంగుళాల బాల్ మీద కూర్చున్నట్టే కనిపిస్తుంది, గతుకులో ఎగిరిపోతుంది. బాల్ నట్ చేతి బలంతో బిగించేది కాదు. బాల్ కింది కాడ 1 అంగుళం లావుంటే 250 ఫుట్-పౌండ్లు, 1¼ ఉంటే 430 నుంచి 450 దాకా అడుగుతారు. అంత టార్క్ రెంచ్ ఇంట్లో ఉండదు, షాపులో బిగించి ఇమ్మనండి. షాంక్ డ్రాప్, అంటే బాల్ రిసీవర్ కన్నా ఎంత కిందికి దిగాలన్నది, తెలియాలంటే ట్రైలర్‌ని సమతలంగా నిలబెట్టి నేల నుంచి కప్లర్ గుంత పైభాగం దాకా కొలవండి, పికప్ రిసీవర్ రంధ్రం ఎత్తుని దాంతో పోల్చండి.

బిగింపు. చదునైన చోట, ప్రయాణానికి సర్దినట్టే అంతా సర్ది, టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు సరిచేసి మొదలుపెట్టండి. పికప్ ఒక్కటే ఉన్నప్పుడు ముందు చక్రం మధ్యగా నేల నుంచి వీల్ ఆర్చ్ అంచు దాకా కొలవండి. 36 అంగుళాలు అనుకుందాం. బాల్ పైభాగాన్ని మాన్యువల్ చెప్పిన ఎత్తులో, మామూలుగా కప్లర్ ఎత్తు కన్నా అర నుంచి ఒక అంగుళం పైన పెట్టండి, బరువు పడ్డాక దిగుతుంది. బార్లు లేకుండా తగిలించి మళ్లీ కొలవండి, 37 వచ్చిందనుకోండి. ఇప్పుడు బార్లు బిగించి కొలవండి. సగం తిరిగి తేవాలంటే లక్ష్యం 36½. మాన్యువల్ పూర్తిగా తెమ్మంటే 36. ఎట్టి పరిస్థితిలోనూ 36 కన్నా కిందికి రాకూడదు. అలా వస్తే వెనక చక్రాలు తేలికై, బ్రేకు వేసినప్పుడు తోక పక్కకి జారే బండిని మీరే తయారుచేసినట్టు.

లక్ష్యం చేరకపోతే ముందు బ్రాకెట్‌ని ఒక రంధ్రం పైకి జరపండి, గొలుసు రకమైతే ఒక లింకు తగ్గించండి. అయినా చాలకపోతే హెడ్‌ని వెనక్కి వంచండి. చాలా హిచ్‌లలో దీనికి వాషర్లుంటాయి, ఒక్కొక్కటి కలిపి మళ్లీ కొలవాలి. గొలుసు లింకులు మాన్యువల్ చెప్పిన కనీసం కన్నా తగ్గితే గట్టి మలుపులో గొలుసు బిగుసుకుపోయి బ్రాకెట్ ఊడుతుంది. అప్పుడు లింకులు కాదు, వంపు మార్చాలి. చివర ట్రైలర్ సమతలంగా గానీ ముక్కు కొద్దిగా కిందికి గానీ ఉండాలి. ముక్కు పైకి లేస్తే బాల్‌ని ఒక రంధ్రం దించండి. ముక్కు లేచిన ట్రైలర్ ఊగుతుంది.

బార్లు ఎక్కించడానికీ దించడానికీ జాక్‌ని వాడండి. కప్లర్ లాక్ చేసి, పిన్ పెట్టి, జాక్‌తో ట్రైలర్ ముక్కుని, పికప్ తోకని కలిపి పైకి లేపితే బార్లు వదులవుతాయి, చేత్తో పెట్టొచ్చు. లేపకుండా లివర్‌తో బలవంతంగా ఎక్కిస్తే అది చేతిలోంచి జారి ఎదురు తన్నుతుంది. చేతి ఎముకలు విరుగుతాయి. దించేటప్పుడు కూడా ఇంతే, ఎగుడుదిగుడు చోట ఇంకా జాగ్రత్త.

వీల్ ఆర్చ్ కొలతతో పని మొదలవుతుంది గానీ, తేల్చేది తూకమే. క్యాట్ స్కేలు (లారీలు తూచే కాటా) ఉన్న ట్రక్ స్టాప్‌లో మూడుసార్లు తూచండి: బార్లు బిగించి, బార్లు విప్పి, ట్రైలర్ విప్పేసి పికప్ ఒక్కటే. 24 గంటల్లోపు మళ్లీ తూస్తే రుసుము తక్కువ. ఉదాహరణకి పికప్ ఒక్కటే ఉన్నప్పుడు ముందు యాక్సిల్ 2,900, వెనక 2,360. బార్లు లేకుండా ముందు 2,700, వెనక 3,060, ట్రైలర్ 3,700. బార్లతో ముందు 2,800, వెనక 2,900, ట్రైలర్ 3,760. టంగ్ వెయిట్ అంటే రెండో తూకంలో పికప్ మొత్తం 5,760 లోంచి ఒక్కటే ఉన్నప్పటి 5,260 తీసేస్తే వచ్చే 500. ముందు యాక్సిల్ 200 పోగొట్టుకుని 100 తిరిగి తెచ్చుకుంది, అంటే 50 శాతం. ట్రైలర్ యాక్సిల్ 60 ఎక్కువ మోస్తోంది, ఆ 3,760 దాని రేటింగ్ లోపలే ఉందో లేదో ట్రైలర్ స్టిక్కర్‌లో చూడండి. సింగిల్ యాక్సిల్ ట్రైలర్లలో ఇక్కడ మిగులు తక్కువ.

ఊగుడు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. చాలా సందర్భాల్లో ఊగుడుకి కారణం హిచ్ కాదు, వెనక పెరిగిన బరువు. మీ మంచినీళ్ల ట్యాంకు 30 గ్యాలన్లదైతే నిండుగా 250 పౌండ్లు. అది యాక్సిల్‌కి 48 అంగుళాల వెనక ఉంటే టంగ్ వెయిట్ 67 పౌండ్లు తగ్గుతుంది. వెనక బంపర్ మీద, యాక్సిల్‌కి 132 అంగుళాల దూరంలో, రాక్‌తో కలిపి 100 పౌండ్ల సైకిళ్లు పెడితే ఇంకో 73. 500 ఉన్నది 360కి వచ్చింది, ట్రైలర్ 4,550కి చేరింది. అంటే 8 శాతం కూడా లేదు, పైగా జీవీడబ్ల్యూఆర్ 50 పౌండ్లు దాటిపోయింది. ఈ స్థితిలో ఏ హిచ్ పెట్టినా ఊగుడుని కొంతసేపు దాచిపెడుతుంది, అంతే. గాలివాటు వచ్చినప్పుడో దిగుడులో వేగం పెరిగినప్పుడో ఒక్కసారిగా బయటపడుతుంది. బరువులో 60 శాతం దాకా యాక్సిల్‌కి ముందు సర్దండి. వెనక ట్యాంకు ఉంటే ఖాళీగా బయల్దేరి, దిగే చోట నింపుకోండి. అయినా దారిలో ఊగడం మొదలైతే స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, బ్రేక్ కంట్రోలర్ (పికప్ లోపలినుంచి ట్రైలర్ బ్రేకులు నడిపే పరికరం) మీది చేతి మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయండి. పికప్ బ్రేకు గట్టిగా తొక్కితే, స్టీరింగ్‌తో ఎదురు సరిచేయబోతే ఊగుడు పెరుగుతుంది.

మొదటి 50 మైళ్ల తర్వాత ఆగి హెడ్ బోల్టులు, బ్రాకెట్ బోల్టులు టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి, కొత్త హిచ్‌లో పెయింటు నలిగి కొంత వదులవుతుంది. ఆ తర్వాత ప్రతి సీజన్ మొదట్లోనూ, ట్రైలర్‌లో సామాను అమరిక మారినప్పుడూ వీల్ ఆర్చ్ కొలతలు మళ్లీ తీయండి. పికప్ టైర్లు మార్చినా, బెడ్ మీద కవరు వేయించినా 36, 37, 36½ అనే మీ పాత అంకెలు చెల్లవు. అప్పుడు మొత్తం కొత్తగా కొలుచుకోవాలి.